వలస కూలీ పోటీ: అమెరికా నిర్మాణ కార్మికుడు ఎంతవరకు సర్దుకోగలడు?

అమెరికాలో ఒక మామూలు ఇల్లు పూర్తయ్యేలోగా పునాది తీసేవారి దగ్గర నుంచి రంగులు వేసేవారి దాకా పది పదిహేను రకాల పనివారు వచ్చి వెళ్తారు. నిర్మాణ రంగంలో పనిచేసేవారిలో సుమారు నాలుగో వంతు విదేశాల్లో పుట్టినవారే. ఆఫీసు ఉద్యోగాలను పక్కనబెట్టి చేతిపనుల వరకే లెక్కిస్తే వారి వాటా దాదాపు మూడో వంతుకు చేరుతుంది. అయితే ఈ వాటా అన్ని పనుల్లోనూ ఒకేలా లేదు. గోడలకు జిప్సం పలకలు బిగించే పనిలో, పైకప్పు వేసే పనిలో, రంగుల పనిలో వలస వచ్చినవారు సగం వరకు ఉంటే, అదే ఇంట్లో కరెంటు తీగలు లాగే ఎలక్ట్రీషియన్లలోనూ గొట్టాలు బిగించే ప్లంబర్లలోనూ చాలా తక్కువగా కనిపిస్తారు. ఒకే ఇల్లు, ఒకే యజమాని, ఒకే ఊరు అయినప్పుడు వలస పోటీ ఒక పనివాడి మీద అంత బరువుగా పడి, పక్క గదిలో పనిచేసే మరొకడిని ఎందుకు పెద్దగా తాకలేదన్నది ముందుగా తేల్చుకోవలసిన విషయం. ఈ తేడాను పట్టించుకోకుండా ‘స్థానిక కార్మికులు మారిన కాలానికి తగ్గట్టు సర్దుకోవాలి’ అని ఒక పక్షమూ, ‘వలసలు ఆపితే జీతాలు వాటంతట అవే పెరుగుతాయి’ అని మరో పక్షమూ దశాబ్దాలుగా వాదించుకుంటున్నాయి.

జిప్సం పలకల పని చరిత్రను కొంత వివరంగా చూడటం అవసరం. ఇటుక గోడ కట్టి దానికి సిమెంటు పూత పూయడం అలవాటైన మనకు ఈ పని కొత్తగా అనిపించవచ్చు. అక్కడి ఇళ్లకు ఎక్కువగా చెక్క చట్రమే అస్థిపంజరం. ఆ చట్రానికి లోపలి వైపు పెద్ద పెద్ద జిప్సం పలకలను మరలతో బిగించి, అతుకుల మీద పట్టీ అంటించి, పైన మెత్తటి లేపనం పూసి నున్నగా రుద్దుతారు. కూలీ లెక్క చదరపు అడుగుల్లో ఉంటుంది. దక్షిణ కాలిఫోర్నియాలో 1980ల ఆరంభం వరకు ఈ పని వడ్రంగుల యూనియన్ వంటి సంఘాల చేతిలో ఉండేది. పనివారిలో ఎక్కువమంది అక్కడే పుట్టినవారు. చదరపు అడుగుకు ఎనిమిది తొమ్మిది సెంట్ల రేటుతో పాటు ఆరోగ్య బీమా, పింఛను నిధి కూడా ఒప్పందంలో భాగంగా ఉండేవి.

ఆ ఏర్పాటు కూలిపోవడానికి తొలి కారణం వలస కాదు. 1981లో గృహ రుణాల వడ్డీ రేట్లు 18 శాతం దాటడంతో ఇళ్ల నిర్మాణం పడిపోయింది. పని కోసం ఒకరి మీద ఒకరు రేటు తగ్గించుకుంటున్న గుత్తేదారులు ఆ అదను చూసుకుని యూనియన్ ఒప్పందాల నుంచి బయటపడ్డారు. కొందరు తమ పాత కంపెనీ పక్కనే యూనియన్‌తో సంబంధం లేని మరో కంపెనీ తెరిచి, కొత్త పనులన్నీ దాని పేరు మీద తీసుకున్నారు. రేటు తగ్గి, బీమా పోయాక స్థానిక పనివారిలో కొందరు యూనియన్ ఇంకా బతికి ఉన్న వాణిజ్య భవనాల పనులకు మళ్లారు, మరికొందరు వృత్తినే వదిలేశారు. మళ్లీ ఇళ్ల నిర్మాణం ఊపందుకునే సమయానికి ఖాళీ అయిన ఆ చోటును మెక్సికో నుంచి వచ్చినవారు నింపారు. 1990ల ఆరంభానికి చదరపు అడుగు రేటు నాలుగైదు సెంట్లకు పడిపోయింది. లాస్ ఏంజెలెస్ కార్మిక చరిత్రను పరిశీలించిన సామాజిక శాస్త్రవేత్త రూత్ మిల్క్‌మన్ నొక్కి చెప్పిన విషయం ఈ వరుసక్రమమే: ముందు యూనియన్ బలహీనపడింది, తర్వాత పని పరిస్థితులూ కూలీ దిగజారాయి, ఆపైన స్థానికులు వెళ్లిపోయారు, చివరగా వలసవారు పెద్ద సంఖ్యలో వచ్చారు.

ఈ వివరణను మరీ సాగదీసి వలసల ప్రభావం ఏమీ లేదనడం కూడా సరికాదు. సరిహద్దు అవతల నుంచి పత్రాలు లేని కూలీలు దొరకకపోయి ఉంటే, ఇళ్ల నిర్మాణం కోలుకున్న వెంటనే గుత్తేదారులు పాత రేటుకు తిరిగి రావలసి వచ్చేదేమో. రేటు పడగొట్టింది వలసవారు కాకపోయినా, పడిన రేటు పదేళ్లపాటు లేవకుండా ఉండటానికి వారి లభ్యత తోడ్పడిందన్నది ఒప్పుకోవలసిన మాటే.

అయితే కథ అక్కడితో ఆగలేదు. 1992 జూన్‌లో ఆ వలస కార్మికులే సమ్మెకు దిగారు. వారిలో చాలామంది మెక్సికోలోని గ్వానహ్వాతో రాష్ట్రంలో ఎల్ మగేయ్ అనే ఒకే గ్రామానికి చెందినవారు కావడంతో, బంధుత్వాలూ ఊరి పరిచయాలే సమ్మెకు సంఘంలా పనికొచ్చాయి. పనులు జరిగే చోట్లకు గుంపులుగా వెళ్లి పని ఆపించేవారు. ఆరెంజ్ కౌంటీలో ఒక్క రోజే వంద మందికి పైగా అరెస్టయ్యారు. చివరకు గుత్తేదారులను చర్చలకు రప్పించినది ఊరేగింపుల కంటే కోర్టు కేసులేనని చెప్పాలి. 1938 నాటి సమాఖ్య కార్మిక చట్టం ప్రకారం వారానికి 40 గంటలు దాటిన పనికి ఒకటిన్నర రెట్ల వేతనం ఇవ్వాలి. ఆ లెక్కన ఏళ్ల తరబడి ఎగవేసిన మొత్తాన్ని రాబట్టడానికి యూనియన్ న్యాయవాదులు వరుసగా దావాలు వేశారు. పత్రాలు లేని కార్మికుడికి కూడా చేసిన పనికి ఆ చట్టం వర్తిస్తుంది కనుక గుత్తేదారులకు తప్పించుకునే దారి దొరకలేదు. శాన్ డియాగో ప్రాంతాన్ని మినహాయిస్తే దక్షిణ కాలిఫోర్నియాలో చాలా కంపెనీలు ఆ ఏడాది నవంబరుకు యూనియన్ ఒప్పందానికి వచ్చాయి. రేటు పెరిగింది, బీమా తిరిగి వచ్చింది. స్థానికులు పోగొట్టుకున్నదాన్ని కొంత మేరకు వెనక్కి తెచ్చినవారు, ఎవరి వల్ల పోయిందని లోకం అనుకుంటుందో ఆ వలసవారే కావడం ఈ ఉదంతంలో చర్చకు అంత సులువుగా ఒదగని భాగం.

ఎలక్ట్రీషియన్ విషయం వేరు. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో ఈ పనికి లైసెన్సు కావాలి. దానికి ముందు నాలుగైదేళ్ల శిక్షణ, సుమారు 8,000 గంటల పని అనుభవం, ఆపైన విద్యుత్ నియమావళి మీద పరీక్ష ఉంటాయి. పని పూర్తయ్యాక తనిఖీ అధికారి వచ్చి చూసి సంతకం పెడితే తప్ప గోడ మూయడానికి వీల్లేదు. వలస వచ్చిన మనిషి తన దేశంలో ఎంత మంచి పనివాడైనా ఈ గడప దాటడానికి ఏళ్లు పడుతుంది. దాటాక అతడు స్థానికుడితో సమానమైన రేటే అడుగుతాడు. పైకప్పు పనికీ పలకల పనికీ ఇలాంటి గడప లేదు. నైపుణ్యం తక్కువన్నది ఇందుకు కారణం కానేకాదు. నున్నటి గోడ తేల్చడానికి కావలసిన చెయ్యి ఒక్క ఏడాదిలో కుదిరేది కాదని ఆ పని చూసినవారెవరైనా చెబుతారు. పలకల పనిలో తప్పు జరిగితే గోడ వికారంగా ఉంటుంది, కరెంటు పనిలో తప్పు జరిగితే ఇల్లు కాలిపోతుంది. అందువల్ల ఒకదానికి లైసెన్సు వచ్చింది, రెండోదానికి రాలేదు.

ఈ తేడానే ఆధారం చేసుకుని నార్వేలో ఒక చక్కని పరిశోధన జరిగింది. 2004లో ఐరోపా సమాఖ్య తూర్పు వైపు విస్తరించినప్పుడు పోలండ్, బాల్టిక్ దేశాల కార్మికులు నార్వే నిర్మాణ రంగంలోకి వచ్చారు. నార్వే సమాఖ్యలో సభ్యదేశం కాకపోయినా ఉమ్మడి కార్మిక విపణిలో భాగం. అక్కడ కూడా ఎలక్ట్రీషియన్, ప్లంబర్ పనులకు లైసెన్సు నిబంధనలుండటంతో వలసవారు ఎక్కువగా రంగులు, వడ్రంగం వంటి పనుల్లోకి చేరారు. ఆర్థికవేత్తలు బ్రాట్స్‌బర్గ్, రౌమ్ ఈ రెండు రకాల వృత్తులనూ పోల్చి 2012లో ప్రచురించిన ఫలితం ఇది: ఒక వృత్తిలో వలస కార్మికుల సంఖ్య 10 శాతం పెరిగితే అందులోని స్థానికుల వేతనం సుమారు 0.6 శాతం తగ్గింది. పని చేయించుకునేవారికి ఖర్చు కూడా తగ్గింది. ఈ అధ్యయనంలో మరో చిక్కు బయటపడింది. తక్కువ సంపాదించే స్థానికులు ముందుగా వృత్తి వదిలి వెళ్లిపోవడంతో మిగిలినవారి సగటు వేతనం మామూలుగానే కనిపిస్తుంది. వెళ్లిపోయినవారిని కూడా లెక్కలోకి తీసుకుంటేనే నష్టం తేలుతుంది. సగటు గణాంకాలు చూపించి ‘స్థానికులకు ఏమీ కాలేదు’ అనేవారు ఈ విషయాన్ని తరచుగా వదిలేస్తుంటారు.

అమెరికాలో ఈ వాదానికి కేంద్రంగా నిలిచింది మయామీ నగరం. 1980లో క్యూబా ప్రభుత్వం మారియెల్ రేవును తెరవడంతో కొద్ది నెలల్లో సుమారు 1,25,000 మంది పడవల్లో ఫ్లోరిడా చేరారు. మయామీ కార్మికుల సంఖ్య ఉన్నట్టుండి 7 శాతం పెరిగింది. ఆర్థికవేత్త డేవిడ్ కార్డ్ 1990లో పరిశీలించి, స్థానికుల వేతనాల మీదా నిరుద్యోగం మీదా ప్రభావమేదీ కనబడలేదన్నారు. 2017లో జార్జ్ బోర్హాస్ అదే ఘటనను మళ్లీ తవ్వి, హైస్కూలు పూర్తిచేయని పురుషుల వేతనాలు 10 నుంచి 30 శాతం పడిపోయాయన్నారు. ఆయన ఎంచుకున్న చిన్న నమూనాలో నల్లజాతివారి వాటా అదే సమయంలో మారిందని, ఆ పతనంలో చాలా భాగం దానివల్లనే కనిపిస్తోందని క్లెమెన్స్, హంట్ బదులిచ్చారు. కార్డ్ కెనడాలో పుట్టినవారు, బోర్హాస్ క్యూబా నుంచి బాల్యంలో వలస వచ్చినవారు. అంటే వలసల ప్రభావం మీద అమెరికాలో అతి పెద్ద వాదం ఇద్దరు వలసదారుల మధ్యే నడిచింది. మొత్తం మీద 2016లో అమెరికా జాతీయ అకాడమీల నిపుణుల నివేదిక ఇచ్చిన అంచనా మధ్యస్థంగా ఉంది. పదేళ్లు, అంతకు మించిన కాలవ్యవధిలో స్థానికుల సగటు వేతనాలపై ప్రభావం చాలా స్వల్పం. నష్టం కనిపించే చోట అది ముందుగా పాత వలసదారుల మీద, తర్వాత హైస్కూలు చదువు పూర్తికాని స్థానికుల మీద పడుతుంది.

సర్దుబాటు వాదానికి బలమైన ఆధారం ఉన్నమాట నిజం. పేరి, స్పార్బర్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు 2009లో చూపినట్టు, వలసలు ఎక్కువైన రాష్ట్రాల్లో తక్కువ చదువుకున్న స్థానికులు ఒళ్లు వంచే పనుల నుంచి మాటతో, రాతతో నడిచే పనుల వైపు జరుగుతారు. బరువులు మోసినవాడు పని చూసుకునే మేస్త్రి అవుతాడు, పలకలు బిగించినవాడు యజమానితో మాట్లాడి అంచనా రాసే మనిషి అవుతాడు. కొత్తగా వచ్చినవారికి ఇంగ్లీషు రాకపోవడమే స్థానికుడికి పైమెట్టు అవుతుంది. డెన్మార్క్‌లో ఫోగెడ్, పేరి ఇంకా మెరుగైన సమాచారంతో ఇదే చూశారు. అక్కడి ప్రభుత్వం 1986 నుంచి 1998 వరకు శరణార్థులను దేశమంతటా వేర్వేరు పట్టణాలకు పంచి పంపింది. ఎవరు ఎక్కడికి వెళ్లాలో శరణార్థుల ఇష్టం మీదా, ఉద్యోగాల లభ్యత మీదా ఆధారపడలేదు కాబట్టి ప్రభావాన్ని విడదీసి చూడటం సులువైంది. శరణార్థులు చేరిన చోట్ల తక్కువ చదువున్న డేన్లు శారీరక శ్రమ తక్కువైన వృత్తులకు మారారు, వారి సంపాదన కూడా పెరిగింది.

కానీ ఆ ఫలితంలోనే ఇంకో మాట ఉంది. అలా మారినవారిలో ఎక్కువమంది చిన్న వయసువారు, ఉద్యోగంలో చేరి ఎక్కువ కాలం కానివారు. అసలు చిక్కంతా ఇక్కడే ఉంది. ‘వృత్తి సర్దుకుంది’ అనడం వేరు, ‘వృత్తిలోని మనిషి సర్దుకున్నాడు’ అనడం వేరు. ఇరవై రెండేళ్ల కుర్రాడు పలకల పనిలోకి రాకుండా ఎలక్ట్రీషియన్ శిక్షణలో చేరితే గణాంకాల్లో స్థానికులు సర్దుకున్నట్టే. ముప్పై ఏళ్లు భుజాలు అరగదీసుకున్న యాభై ఏళ్ల పనివాడు ఎక్కడ చేరాలి? ఎనిమిది వేల గంటల శిక్షణలో మొదటి ఏడాది కూలీ, అనుభవమున్న పనివాడి కూలీలో సగం చుట్టుపక్కలే ఉంటుంది. ఇంటి రుణం, పిల్లల చదువు ఉన్న మనిషికి ఆ దారి మూసి ఉన్నట్టే. మేస్త్రి కావచ్చు కదా అంటారు. పది మంది పనివారికి ఒక మేస్త్రి చాలు, కాబట్టి పది మందినీ మేస్త్రులు కమ్మని చెప్పడం లెక్కకు నిలవదు. గుత్తేదారుగా మారడం ఇంకో దారి. అందులోకి దిగినవాడు పని దక్కించుకోవాలంటే అతి తక్కువ రేటుకు పాడాలి, ఆ రేటు గిట్టుబాటు కావాలంటే పత్రాలు లేని కూలీలనే పెట్టుకోవాలి. ఏ పోటీ వల్ల నష్టపోయాడో అదే పోటీని అతడు తన కింద నడపవలసి వస్తుంది.

కనుక సర్దుకోవాలని ఎవరికైనా సలహా ఇచ్చే ముందు అతడు ఎదుర్కొంటున్నది ఏ రకం పోటీయో చూడాలి. కొత్తగా వచ్చినవాడు తనకంటే వేగంగా, శుభ్రంగా, ఎక్కువ గంటలు పనిచేసి పని దక్కించుకుంటే అది చేతిపనిలో పోటీ. స్థానికుడికి అది కష్టంగా ఉన్నా అన్యాయమనలేం. పని నేర్చుకుని పైకి ఎదగమని అతడికి చెప్పడంలోనూ తప్పులేదు. ఇంకో రకం పోటీలో కూలీ ఎవరన్నది కాక, కూలీకి ఏం ఎగ్గొట్టవచ్చన్నది ధరను నిర్ణయిస్తుంది. అమెరికాలో ఉద్యోగిని పెట్టుకున్న యజమాని సామాజిక భద్రత, వైద్య నిధుల కోసం తన వాటాగా వేతనంపై 7.65 శాతం కట్టాలి. దీనికి నిరుద్యోగ బీమా, ప్రమాద పరిహార బీమా, అదనపు గంటల వేతనం తోడవుతాయి. పైకప్పు పనిలో పడిపోయే ప్రమాదం ఎక్కువ కనుక పరిహార బీమా ఒక్కటే భారీ ఖర్చు. కూలీలను ఉద్యోగులుగా చూపకుండా ‘స్వతంత్ర గుత్తేదారులు’ అని కాగితం మీద రాసుకున్నా, నగదు చేతిలో పెట్టి పంపినా యజమానికి ఈ ఖర్చంతా ఆదా అవుతుంది. ఫిర్యాదు చేస్తే దేశం నుంచి పంపేస్తారన్న భయం ఉన్న మనిషే ఇలాంటి ఏర్పాటుకు ఒప్పుకుంటాడు. ఇలాంటి పోటీలో చట్టాన్ని పాటించే స్థానిక గుత్తేదారు ఎంత నైపుణ్యం పెంచుకున్నా గెలవలేడు. అతడిని సర్దుకోమనడం చట్టం తప్పమని చెప్పడంతో సమానం.

వలసలు ఆపేయడమే మందు అనేవారికి చరిత్ర పెద్దగా సాయపడదు. 1942లో మొదలైన బ్రసేరో పథకం కింద అమెరికా పొలాలకు ఏటా లక్షల్లో మెక్సికన్ కూలీలు వచ్చేవారు. స్థానిక కూలీల వేతనాలు పెరుగుతాయన్న ఆశతో 1964 చివరికి దాన్ని రద్దు చేశారు. క్లెమెన్స్, లూయిస్, పోస్టెల్ ఆనాటి వేతన లెక్కలు పరిశీలిస్తే, మెక్సికన్ కూలీలు ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లోనూ అసలు లేని రాష్ట్రాల్లోనూ వేతనాల తీరులో చెప్పుకోదగ్గ తేడా లేదని తేలింది. కాలిఫోర్నియా టమోటా రైతులు కూలీ పెంచలేదు, యంత్రం కొన్నారు. గట్టి తోలున్న టమోటా రకాన్నీ, దాన్ని కోసే యంత్రాన్నీ అక్కడి విశ్వవిద్యాలయం అప్పటికే సిద్ధం చేసి పెట్టింది. ఇళ్ల నిర్మాణంలో ఫలితం ఇంకోలా ఉంటుంది. 2008 నుంచి కొన్నేళ్లపాటు స్థానిక పోలీసుల ద్వారా దేశబహిష్కరణలు పెంచిన కౌంటీలను గమనించిన పరిశోధకులకు, అక్కడ ఇళ్ల నిర్మాణం తగ్గినట్టూ, దానితో స్థానికుల ఉపాధి కూడా దెబ్బతిన్నట్టూ కనబడింది. చట్రం కొట్టేవాడు లేకపోతే తీగలు లాగేవాడికి పని ఉండదు.

స్థానికులను కాపాడే చట్టాల్లో కూడా వాటి పుట్టుక మరక ఉంటుంది. సమాఖ్య ప్రభుత్వ నిర్మాణాల్లో ఆ ప్రాంతంలో అమలులో ఉన్న వేతనమే చెల్లించాలని 1931 నాటి డేవిస్-బేకన్ చట్టం చెబుతుంది. న్యూయార్క్ దగ్గరి లాంగ్ ఐలండ్‌లో మాజీ సైనికుల ఆసుపత్రి కట్టడానికి అలబామా గుత్తేదారు ఒకరు దక్షిణాది నుంచి కూలీలను తేవడం ఆ చట్టానికి ప్రేరణ. ఆ కూలీలు నల్లజాతివారు. వారు విదేశీయులు కాదు, తోటి అమెరికన్లే. ఆనాటి చర్చలో జాతి వివక్ష దాగలేదు. అయినా ఆ చట్టంలోని సూత్రం మాత్రం పనికొచ్చేదే: పని చేసేవాడు ఎక్కడినుంచి వచ్చినా, ఆ చోట ఆ పనికున్న కూలీ ఇవ్వాలి.

మన దేశంలో 2025లో కొత్త కార్మిక నియమావళులు అమలయ్యేదాకా ఉన్న 1979 నాటి అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టంలోనూ ఇదే సూత్రం ఉండేది. ఒకే రకం పని చేసే స్థానికుడి కంటే వలస కార్మికుడికి తక్కువ వేతనం ఇవ్వకూడదన్నది దాని నిబంధన. ఒడిశా, బీహార్ నుంచి వచ్చినవారు హైదరాబాద్ చుట్టుపక్కల సెంట్రింగ్, తాపీ, టైల్స్ పనులు చేస్తుంటే, ఇక్కడి తాపీమేస్త్రులు ‘తక్కువకు ఒప్పుకుని రేటు చెడగొడుతున్నారు’ అనడం మామూలుగా వినపడే మాట. పాలమూరు కూలీలు దేశమంతా తిరిగి కట్టలూ కాలువలూ తవ్విన రోజుల్లో ఆయా ఊళ్ల కూలీలు తెలుగువారి గురించి కూడా ఇదే అనుకుని ఉంటారనడంలో ఆశ్చర్యం లేదు. ఆ చట్టం ఉన్న రోజుల్లోనూ అది లేబర్ కాంట్రాక్టర్ రిజిస్టరు దాటి పనిచోటుకు చేరిన సందర్భాలు అరుదు.

అమెరికాలో ఈ మధ్య కాలంలో జరిగిన మార్పుల్లో గమనించదగ్గది కాలిఫోర్నియాదే. 2018 జనవరి 1 నుంచి కుదిరిన ప్రైవేటు నిర్మాణ ఒప్పందాల్లో, ఉపగుత్తేదారు తన కూలీలకు వేతనం ఎగ్గొడితే దానికి ప్రధాన గుత్తేదారు కూడా బాధ్యుడని అక్కడ చట్టం వచ్చింది. అంతవరకు ‘ఆ కూలీలు నావాళ్లు కారు’ అని తప్పుకునే వీలున్న పెద్ద కంపెనీ, ఇప్పుడు ఉపగుత్తేదారు దగ్గర వేతనాల పట్టీ అడగవలసి వస్తోంది. మరీ తక్కువ రేటుకు పాడినవాడు ఆ లెక్క ఎలా కుదిర్చాడో కూడా చూడవలసి వస్తోంది. ఈ చట్టంలో వలస అన్న ప్రసక్తి ఎక్కడా లేదు. 1992లో ఎల్ మగేయ్ కూలీలకు ఇలాంటిది ఉండి ఉంటే ఊరేగింపుల అవసరం తగ్గేది. వారికంటే పదేళ్ల ముందు ఆ పని వదిలేసిన స్థానికులకు ఉండి ఉంటే, వారిలో కొందరైనా ఆ వృత్తిలోనే మిగిలేవారు. ఇప్పటికే యాభై దాటినవారికి మాత్రం ఇది ఆలస్యంగా వచ్చింది. వారికి పనికొచ్చేది శిక్షణ కేంద్రం కంటే, అరిగిన భుజానికి పరిహారమూ, పింఛను వచ్చే వయసు దాకా గడిచే ఆధారమూ. సర్దుబాటు గురించి మాట్లాడే రాజకీయ నాయకులు ఆ ఖర్చు ఎంతో చెప్పడం అరుదు.